ఒక్క మనిషికే చీటీ

కాన్‌స్టాంటినోపుల్,
1429 అక్టోబరు 3

అక్కయ్య ఎఫ్రోసినికి చెల్లెలు థెక్లా నమస్కరించి రాసేది.

ముందుగా గుమాస్తాగారిని కుశలం అడుగుతున్నాను. కంగారుపడకు, ఇది నీకు కాదు. దోరియానోల పడవల మీద వెళ్లే ఉత్తరాలన్నీ వాళ్ల గుమాస్తా విప్పి, చదివి, మళ్లీ మైనం అంటించి పంపిస్తాడని ఇక్కడ చంటిపిల్లలకు కూడా తెలుసు. అంత శ్రమపడి చదివే మనిషిని పలకరించకపోతే ఏం మర్యాద?

ఇక నీ సంగతి. కుదిరిందక్కా! మన అర్గిరికి పెళ్లి కుదిరింది. దోరియానోల ఒక్కగానొక్క కొడుకు నికిఫోరు. ఇరవై నాలుగేళ్లు. నెమ్మదైనవాడు. నవ్వితే పై పన్ను ఒకటి వంకరగా కనిపిస్తుంది, అంతకుమించి వంక పెట్టడానికి ఏమీ లేదు. పుట్టినప్పటి నుంచి నాకు తెలిసినవాడు. మా పెరట్లో అంజూరు చెట్టెక్కి పడి నా ఒళ్లో కూర్చుని ఏడ్చిన పిల్లాడు. ఇప్పుడు గోధుమలు కొనడానికి నల్లసముద్రం అవతలికి వెళ్లాడు. చలికాలమంతా అక్కడే ఉండి మార్చి చివరికి వస్తాడు. వెళ్లేముందు నా దగ్గరికి వచ్చి, "నువ్వు చూసిన పిల్లయితే నేను వేరే చూడక్కర్లేదు" అన్నాడు.

అసలు మాట విను. తురుష్కులు చుట్టుముట్టి, మీ ఊరు వెనిస్‌వాళ్ల చేతికి వెళ్లినప్పటి నుంచి కోట దాటి ఎవరినీ పోనివ్వడం లేదు కదా. దోరియానో పెద్దాయన వాళ్లకు ధాన్యం అమ్ముతాడు కాబట్టి ఆయన మాట చెల్లింది. కోడలిని తెచ్చుకుంటానని అడిగి అనుమతి చీటీ రాయించుకున్నాడు. దోరియానోల ఇంటి మనిషి అని రాసి ఇచ్చారట, ఒక్క మనిషికే. ఇద్దరికి అడిగితే ఆ ఒక్కటి కూడా ఇచ్చేది లేదన్నారట. వసంతంలో ధాన్యం ఓడ మీ రేవుకు వచ్చినప్పుడు అర్గిరి ఎక్కాలి. నీ గురించి ఏం రాయాలో తెలియడం లేదు. "ముందు దాన్ని బయట పడెయ్యి, తర్వాత నా సంగతి" అన్నది నువ్వే కాబట్టి నోరు మూసుకున్నాను.

ఒకే ఒక్క చిక్కు. దోరియానో దొరసాని నిన్న మూతి తిప్పుకుంటూ అడిగింది. "తండ్రి పోయాడు, తల్లి రాలేదు. పెళ్లి కిరీటాలు పెట్టేవేళ పిల్ల పక్కన తల్లిగా ఎవరు నిలబడతారమ్మా? మా చుట్టాలంతా చూస్తుండగా అనాథలా వస్తుందా?" అంది. "నేను లేనా?" అన్నాను. "పిన్ని పిన్నే కదమ్మా" అంది. ఆమెకు ఏం చెప్పమంటావో రాయి.

నీ చెల్లెలు,
థెక్లా

మరిచాను. సంతకంలో మన వంశం ఇంటిపేర్లు నాలుగూ వేస్తున్నావు. ఇంట్లో గిన్నెలు నాలుగు మిగిలాయా?


థెస్సలొనీకి,
1429 అక్టోబరు 29

చెల్లీ థెక్లా,

ఈ ఉత్తరం మీ గుమాస్తా చేతికి చిక్కదు. మఠం పని మీద కాలినడకన మీ ఊరు వస్తున్న వర్లామ్ అనే సన్యాసికి ఇచ్చాను. నడక నెమ్మది, మనిషి నమ్మకస్తుడు. చదవడం రాదు, అదింకా మేలు.

గిన్నెలు రెండే మిగిలాయి. గిన్నెలైతే కొనేవాళ్లున్నారు, ఇంటిపేర్లు కొనేవాళ్లు లేరు, అందుకే నాలుగూ అలాగే ఉన్నాయి. సరేనా?

నీ ఉత్తరం చదివి కూర్చున్నచోటే భోరుమన్నాను. అర్గిరి పరుగెత్తుకొచ్చి "ఎవరు పోయారమ్మా?" అంది. ఈ మధ్య ఉత్తరం వస్తే మొదట అడిగే మాట అదే అయింది. మొన్న దిమిత్రి స్వామి పండుగకు చర్చిలో సగం జనం లేరు. పాట ఎత్తుకుంటే గోడలు తిరిగి మా గొంతు మాకే వినిపించాయి. ఎదురింటివాళ్లు వంటచెరకు కింద తమ పైకప్పు దూలాలే ఒక్కొక్కటిగా అమ్ముకున్నారు, వాన వస్తే మెట్ల కింద కూర్చుంటున్నారు. రొట్టెలో అవిసె గింజల పిండి కలుపుతున్నారు. "అమ్మా, దీంతో గోడ మెత్తుకుంటే చలి రాదు" అంటుంది అర్గిరి. వీధిలో కుక్కలు కనిపించడం మానేశాయి. ఎందుకని ఎవరూ అడగరు. కోట గోడ మీద కాపలా కాసేవాళ్లే తాళ్లు కట్టుకుని అవతలికి, తురుష్కుల వైపు దిగిపోతున్నారు. పొద్దున లేచి తాళ్లు లెక్కపెట్టుకోవడం మా ఊరికి అలవాటైంది.

అందుకే చెప్తున్నాను, ఈ పెళ్లి తప్పిపోకూడదు. నాకు ఇంకేమీ అక్కర్లేదు. అది ఓడ ఎక్కితే నేను ఈ రొట్టె పదేళ్లు తింటాను.

ఇక మీ దొరసాని మూతి సంగతి. దానికి మందు వేశాను. నిన్న అర్గిరిని నీకు దత్తత ఇచ్చేశాను! మాటవరసకు కాదు. చర్చి పద్ధతిలో, ప్రార్థనలు చదివించి, సాక్షుల్ని పెట్టి. నీ బదులు మఠం పెద్దమ్మ నిలబడింది. అర్గిరి ఆమె పాదాల మీద పడింది. ఆమె లేవనెత్తి, "ఈ రోజు నిన్ను నేను కన్నాను" అని నీ పేరు చెప్పి అంది. పాదిరి పత్రం రాసి ముద్ర వేశాడు. ఇక పిన్ని పిన్నే అని ఎవరంటారో చూస్తాను. నా కూతురికి నగరంలో తల్లి ఉంది, సొంత ఇల్లున్న తల్లి.

ముగ్గురు బిడ్డల్ని పొత్తిళ్లలోనే పోగొట్టుకున్నదానివి. పంతొమ్మిదేళ్లు పెంచి, జుట్టు దువ్వి మరీ ఇస్తున్నాను. ఆ పెద్దమ్మ లేవనెత్తుతుంటే దాని చెయ్యి పట్టుకుని నా వైపు లాక్కోబోయాను, అది నీకు చెప్పకూడదనుకున్నాను గాని చెప్పేశాను.

నీ అక్క,
ఎఫ్రోసిని (ఇంటిపేర్లు నాలుగూ నువ్వే వేసుకో)


కాన్‌స్టాంటినోపుల్,
1429 డిసెంబరు 10
(దోరియానోల పడవ మీద)

అక్కయ్యకు థెక్లా రాసేది.

మేం క్షేమం. సన్యాసి తెచ్చినది అందింది. నువ్వు మఠంలో నా పేర చేయించిన కానుక నేను ఉంచుకోలేను. నాకు వద్దు. దాని మాట ఎవరి దగ్గరా ఎత్తకు, ఎవరికీ చూపించకు. అర్గిరి నా అక్క కూతురుగా వస్తే చాలు, అంతకుమించి ఏమీ అక్కర్లేదు.

నా మీద కోపం తెచ్చుకోకుండా చెప్పినట్టు చెయ్యి. మిగతా సంగతులు తర్వాత.

థెక్లా


కాన్‌స్టాంటినోపుల్,
1429 డిసెంబరు 10
(వర్లామ్ చేతికి)

అక్కా, నా బంగారు అక్కా,

పొద్దున పడవకు ఇచ్చిన ఉత్తరం చూసి మనసు కష్టపెట్టుకోకు. అది గుమాస్తా చదివే ఉత్తరం. నిజం ఇది. వర్లామ్ వచ్చేదాకా నువ్వు నోరు జారకుండా ఉండాలని ఆ నాలుగు ముక్కలు ముందు పంపాను.

నీ ఉత్తరం చదివి నేను మొదట ఏం చేశానో తెలుసా? ఇంట్లో ఎవరూ లేరు, గట్టిగా "నాకు కూతురు పుట్టింది" అని అరిచాను. వంటమనిషి పెరట్లోంచి పరుగెత్తుకొచ్చింది. ఆమెకు పెళ్లికొడుకు పేరు చెప్పబోయి ఆగాను. తెలివి అప్పుడు వచ్చింది.

నికిఫోరు నా జ్ఞానపుత్రుడు అక్కా. వాడి జ్ఞానస్నానం నాడు నీళ్లలోంచి వాణ్ణి ఎత్తుకున్న చేతులు ఇవే. నీకు అప్పట్లో రాశాననే ఇన్నేళ్లూ అనుకున్నాను. అప్పుడే మీ అత్తగారు పోవడం, నీకు ఆరోగ్యం బాగుండకపోవడం, రాయలేదేమో. నా అక్క కూతుర్ని నా జ్ఞానపుత్రుడు చేసుకోవచ్చు, తప్పులేదు, పాదిరిని అడిగాకే కదిలాను. కాని నా కూతుర్ని చేసుకోకూడదు. నా కూతురంటే వాడికి చెల్లెలు. చర్చి లెక్కలో ఆ వరస రక్తసంబంధం కంటే గట్టిది. నువ్వు ప్రేమతో చేసిన పనితో అన్నాచెల్లెళ్లకు పెళ్లి కుదిర్చినదాన్ని అయ్యాను.

దోరియానో పెద్దాయన ఉపవాసం రోజు నూనె చుక్క ముట్టని మనిషి. తెలిసిందా, ఆ క్షణమే పెళ్లి పోతుంది, పెళ్లితో పాటు చీటీ పోతుంది. అందుకని ఆ పత్రం కాల్చెయ్యి. పాదిరి చేతా పెద్దమ్మ చేతా మాట తీసుకో. పాపమైతే నాది. దేవుడి ముందు నేను నిలబడి చెప్పుకుంటాను. పిల్ల బతికి నా ఇంట్లో తిరుగుతుంటే, నరకంలో నాకు కాస్త చల్లగానే ఉంటుంది.

కూతురు వద్దని నేను ఎలా రాశానో నా చేతికే తెలుసు.

థెక్లా


థెస్సలొనీకి,
1430 జనవరి 9

థెక్లాకు,

నీ నాలుగు ముక్కల ఉత్తరం అందింది. వర్లామ్ ఇంకా రాలేదు. అతని చేతికి వేరే ఏమైనా ఇచ్చావో లేదో నాకు తెలియదు, తెలుసుకోవాలనీ లేదు. ఇది పడవ మీదే పంపుతున్నాను. గుమాస్తా చదివితే చదవనీ.

"నాకు వద్దు." ఎంత తేలికగా రాశావే! నా కడుపులోంచి తీసి నీ చేతిలో పెట్టాను. కానుకట. అంగడి గుడ్డ నచ్చకపోతే తిప్పి పంపినట్టు. అక్క కూతురుగా వస్తే చాలట, అంతకుమించి అక్కర్లేదట. చిరిగిన చెప్పులతో ఓడ దిగే పిల్లకు తల్లినని చెప్పుకోవడానికి నలుగురిలో నీకు సిగ్గేసిందా? పెద్దవాళ్ల ఇళ్లలో మసులుతూ నువ్వు కూడా మూతి తిప్పడం నేర్చావా? చిన్నప్పుడు నీకు అమ్మవారు పోసినప్పుడు నలభై రోజులు నీ పక్కలో పడుకున్నదాన్ని నేను. అప్పుడు నాకు సిగ్గు వేయలేదు.

అర్గిరి ఉత్తరం చూసింది. వెళ్లి తన పెళ్లికని దాచుకున్న ముసుగు గుడ్డ తీసి మడత మార్చి మళ్లీ పెట్టుకుంది.

నేను ఊరుకునే రకం కాదని నీకు తెలుసు. నీకు అక్కర్లేకపోయినా దానికి ఆ హక్కు ఉంది, చర్చి ఇచ్చింది. దత్తత పత్రానికి నకలు రాయించి, బిషప్పుగారి కచేరీలో ముద్ర వేయించి, దోరియానో దొరసానికి నేనే ఉత్తరం జత చేసి ఇదే పడవ మీద పంపాను. "మీ కోడలు అనాథ కాదు, థెక్లా దొరసాని కూతురు" అని రాశాను. ఇప్పుడు కాదను చూద్దాం.

ఎఫ్రోసిని


కాన్‌స్టాంటినోపుల్,
1430 ఫిబ్రవరి 4

ఏం చేశావక్కా. ఏం చేశావు.

వర్లామ్ ఎక్కడున్నాడు? అతని దగ్గర ఉన్న ఉత్తరంలో అంతా రాశాను. మళ్లీ రాస్తున్నాను, ఇక దాచేదేమీ లేదు. నికిఫోరు నా జ్ఞానపుత్రుడు. నువ్వు పంపిన పత్రంతో అర్గిరి వాడికి చెల్లెలని మీ బిషప్పు ముద్రతో సహా రుజువైంది.

పెద్దాయన నిన్న మా ఇంటికి వచ్చాడు. కూర్చోమంటే కూర్చోలేదు. పత్రం బల్ల మీద పెట్టి, "అమ్మా, ఇది నిజమా?" అన్నాడు. నిజమేనన్నాను. "నీకు ఎప్పటి నుంచి తెలుసు?" అన్నాడు. డిసెంబరు నుంచి అన్నాను. ఆయన నన్ను తిట్టలేదు. తిడితే బాగుండేది. "నా కొడుకుని చేతుల్లోకి ఎత్తుకున్న మనిషివి, వాణ్ణి ఈ పాపంలోకి కళ్లు మూసి నడిపించబోయావు" అని మాత్రం అన్నాడు. పెళ్లి లేదన్నాడు. చీటీ కోడలి కోసం ఇప్పించుకున్నది, కోడలు లేదు కాబట్టి పెట్టెలో పెట్టి తాళం వేశానన్నాడు.

చర్చి కచేరీకి వెళ్లాను. దత్తత రద్దు చేయడానికి దారి ఉందా అని అక్కడి ముసలి పాదిరిని అడిగాను. ఆయన, "కన్న బిడ్డని కనలేదని ఎలా రాయమంటావు తల్లీ?" అన్నాడు. బయటికి వచ్చి మెట్ల మీద కూర్చుండిపోయాను.

తప్పు నీది కాదు. మొదటి ఉత్తరంలో ఆ ఒక్క మాట రాసి ఉంటే అయిపోయేది. వరస దగ్గరగా ఉంది, జనం గుసగుసలాడతారని ఊరుకున్నాను. గుసగుసలకు భయపడ్డాను అక్కా.

చెప్పులు చిరిగితే ఏం, చెప్పుల్లేకుండా వచ్చినా అది నా కూతురే.

థెక్లా


థెస్సలొనీకి,
1430 ఫిబ్రవరి 25

థెక్లా,

నీ ఉత్తరం, వర్లామ్ ఒకే వారంలో వచ్చారు. నది దాటేచోట తురుష్కులు అతన్ని పట్టుకుని నెల రోజులు గుర్రాలకు నీళ్లు మోయించారట. కాళ్లు మంచుకు నల్లబడ్డాయి. ఉత్తరాన్ని మాత్రం టోపీలో కుట్టుకుని తెచ్చాడు. తన చేత్తో ఇచ్చి, "ఆలస్యమైందా అమ్మా?" అని అడిగాడు. లేదని చెప్పాను. ఆ ముసలాయనకు ఇంకేం చెప్పను?

"నాకు కూతురు పుట్టింది" అని అరిచానని రాశావు చూడు, అది చదివిన తర్వాత రెండు రోజులు ఏమీ తినలేకపోయాను. తినడానికి పెద్దగా లేదులే, ఆ లోటు తెలియలేదు.

నిన్ను తిట్టాలని ఉంది. పంటి వంకర రాశావు, అంజూరు చెట్టు రాశావు, ఆ ముక్క రాయలేదు. నన్ను నేను కూడా తిట్టుకోవాలి. నీ నాలుగు వాక్యాలు చదివి ఒక్క నెల ఓపిక పట్టలేకపోయాను. నీకు అమ్మవారు పోసిన సంగతి ఎత్తిపొడిచాను. ఆ మాట వెనక్కి తీసుకుంటున్నాను.

ఇప్పుడు సిగ్గు వదిలి ఒకటి అడుగుతున్నాను. పెద్దాయన కాళ్ల మీద పడు. కోడలుగా వద్దు. ఆయన వంటింట్లో గిన్నెలు తోమేదానిగా తీసుకెళ్లమను. నాలుగు ఇంటిపేర్ల ఇంటి పిల్ల గిన్నెలు బాగా తోముతుందని చెప్పు, నేనే నేర్పాను. ఇక్కడ గోడ బయట పల్లెల్లో తురుష్కులు నిచ్చెనలు చేయిస్తున్నారు. వడ్రంగులందరినీ పట్టుకుపోయారు. గాలి ఇటు తిరిగినప్పుడు సుత్తి దెబ్బలు వినిపిస్తాయి. అర్గిరి ఆ చప్పుడుకి అనుగుణంగా నూలు వడుకుతోంది, మొన్నే గమనించాను. ఆపమని అరిచాను. ఎందుకు అరిచానో దానికి అర్థం కాలేదు.

నీ అక్క


థెస్సలొనీకి,
1430 మార్చి 26, ఆదివారం

థెక్లా,

నెలయింది, నీ దగ్గర నుంచి ఏమీ లేదు. పెద్దాయన ఒప్పుకోలేదని అర్థమైంది. నిన్ను ఏమీ అనను.

ఈ పొద్దున సుల్తాను స్వయంగా వచ్చాడు. కొండలు గుడారాలతో తెల్లబడిపోయాయి. మధ్యాహ్నం నుంచి బాణాలకు కాగితాలు చుట్టి లోపలికి వేస్తున్నారు. తలుపులు తీస్తే మీ ప్రాణాలూ ఇళ్లూ మీవే, తీయకపోతే మీ దేవుడే దిక్కు, అని ఉందట. ముట్టుకుంటే కాపలావాళ్లు కొడుతున్నారు, అయినా చదవనివాళ్లు లేరు. శిబిరం నుంచి పారిపోయి వచ్చినవాడొకడు బుధవారం తెల్లవారగానే గోడ ఎక్కుతారని చెప్పాడు. వెనిస్ ఓడలు మూడు రేవులో ముక్కు సముద్రం వైపు తిప్పుకుని ఉన్నాయి. వాటిలో ఒకదాని మీద వంటవాడికి నా చివరి రెండు గిన్నెలు ఇచ్చి ఈ ఉత్తరం పంపుతున్నాను. అర్గిరిని కూడా తీసుకెళ్లమని అడిగాను. చీటీ ఉందా అన్నాడు.

ఆడవాళ్లందరం గోడ మీదికి రాళ్లు మోస్తున్నాం. నేను మోసిన దానికి రెండింతలు అది మోసింది. "పిన్నికి ఏం రాయను?" అని అడిగాను. "పిన్ని అని రాయకు" అంది. "పెళ్లి పోతే పోయింది, నాకు ఇద్దరు అమ్మలు మిగిలారు. ఆ సంగతి రాయి" అంది. రాశాను.

నీ మీద కోపం ఉండేది. రాళ్లు మోస్తుంటే ఎక్కడో దిగిపోయింది. నువ్వు కూడా దించేసుకో. భయంగా ఉందే థెక్లా. నీతో కాబట్టి చెప్తున్నాను, దాని ముందు నవ్వుతూనే ఉన్నాను.

ఎఫ్రోసిని


కాన్‌స్టాంటినోపుల్,
1430 ఏప్రిల్ 2, ఆదివారం

అక్కా! అక్కా!

గిన్నెలు తోమేదానిగానైనా తీసుకెళ్లమని నువ్వు రాసిన ఉత్తరానికి ఇన్నాళ్లూ జవాబు రాయలేదు. రాయడానికి మంచి మాట ఒక్కటీ లేక ఊరుకున్నాను. ఆ తర్వాత నీ నుంచి కూడా ఏమీ రాలేదు. పెద్దాయన కాళ్ల మీద రెండుసార్లు పడ్డాను. "అబద్ధం చెప్పి మనిషిని దాటించలేనమ్మా" అన్నాడు. ఇప్పుడు ఉంది మంచి మాట.

నికిఫోరు నిన్న నల్లసముద్రం నుంచి వచ్చాడు. వాడికి ఇవేవీ తెలియవు. పెళ్లి ఎప్పుడని నవ్వుతూ మా ఇంటికి వచ్చాడు. అంతా చెప్పాను, డిసెంబరులో నేను దాచినది కూడా. వింటూ వింటూ లేచి నిలబడ్డాడు. నన్ను కొడతాడేమో అనుకున్నాను.

"ఇన్నాళ్లూ చీటీ పెట్టెలో ఉందా?" అన్నాడు. ఉందన్నాను. "అమ్మా, పెళ్లామైతే తెచ్చుకోవాలి, చెల్లెలైతే అక్కడే వదిలెయ్యాలా? మీలో ఒక్కరికీ ఈ మాట తోచలేదా?" అన్నాడు.

అక్కా, తోచలేదు. నాకు తోచలేదు, పెద్దాయనకు తోచలేదు, చర్చి కచేరీలో అంత చదువుకున్న పాదిరికి తోచలేదు. చేసుకోకూడని వరస అనే అందరం ఆలోచించాం గాని, అది కూడా ఒక వరసే కదా అని ఎవరం అనుకోలేదు. వాడు నన్ను చెయ్యి పట్టుకుని తండ్రి దగ్గరికి లాక్కెళ్లాడు. "మన ఇంటి మనిషి అని చీటీ రాయించారు. నా చెల్లెలు మన ఇంటి మనిషి కాదా? ఇందులో అబద్ధమేముంది?" అన్నాడు. పెద్దాయన ముఖం ఎర్రబడింది. తర్వాత మొలతాడుకున్న తాళంచెవి తీసి కొడుకు చేతిలో పెట్టాడు. దొరసాని ఏడ్చింది. నేను ఆమె పక్కనే కూర్చుని ఏడ్చాను, ఇదివరకటి మాటలేవీ గుర్తుపెట్టుకోలేదు.

నికిఫోరు స్వయంగా వస్తున్నాడు. చీటీ ఒక్కరికే అయినా, తల్లిని వదిలి చెల్లెల్ని ఎలా తెస్తానని అడుగుతున్నాడు. ధాన్యం దింపిన తర్వాత ఓడ అడుగున ఖాళీ గోతాల వెనక నీకు చోటు చేస్తాడట. కాబట్టి ఇల్లూ, మొగుడి సమాధీ అని మొండికెయ్యకు. ఈ ఒక్కసారి చిన్నదాని మాట విను.

రేవులో ఏవో మాటలు అనుకుంటున్నారు. నిన్న సాయంత్రం వెనిస్ ఓడ ఒకటి తెరచాపలు కాలిన గుర్తులతో వచ్చిందనీ, నావికులు ఎవరితోనూ మాట్లాడడం లేదనీ చేపలమ్మి చెప్పింది. ఇంకా ఏదో చెప్పబోయింది. చేపలు చూసుకోమని కసిరాను. మీరు వచ్చే ముందు మంచి మాటలు వినాలి గాని ఇవన్నీ ఎందుకు? మేడ మీది గది కడిగించాను. పరుపు ఎండలో వేశాను. అర్గిరికి నా చెప్పులు సరిపోతాయో లేదో తెలియదు, అందుకని రెండు కొలతల్లో తీసుకున్నాను.

ఈ ఉత్తరం నికిఫోరు తన చేత్తోనే నీకు ఇస్తాడు. ఓడ రేపు పొద్దున బయలుదేరుతుంది. గాలి బాగుంటే శుక్రవారానికి మీ రేవులో ఉంటుంది.

మీ ఇద్దరి కోసం చూస్తూ,
థెక్లా